ఆ సీసా సంగతి కూడా అడగండి: ఎముకల వైద్యులకు, దంతవైద్యులకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఎముకల బలానికి మందులు రాస్తున్న ఎముకల వైద్యులకు, కీళ్ళవాత వైద్యులకు, క్యాన్సర్ వైద్యులకు, మా పళ్ళు చూస్తున్న దంతవైద్యులకు నమస్కారాలు.

నేను తెనాలిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. నా వయసు 66. చాలా ఏళ్ళుగా కీళ్ళవాతానికి మందులు వాడుతున్నాను. వాటిలో స్టెరాయిడ్ కూడా ఉన్నందువల్ల నా ఎముకలు వయసుకు మించి గుల్లబారాయని, ఎముకల గట్టిదనాన్ని కొలిచే డెక్సా స్కాన్‌లో తేలింది. అప్పటి నుంచి ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందు ఎక్కించుకుంటున్నాను. ఉదయాన్నే ఆసుపత్రికి వెళ్ళి, చేతికి ఒక చిన్న సీసా పెట్టించుకుని, మధ్యాహ్నం భోజనం వేళకు ఇల్లు చేరతాను. మొదటిసారి రెండు రోజులు జ్వరమూ ఒళ్ళునొప్పులూ వచ్చాయి, తర్వాత అదీ లేదు. ఆ పూట గడిచాక మళ్ళీ ఏడాది దాకా మా ఇంట్లో ఆ మందు ఊసే ఉండదు, నేనీ లేఖ రాయవలసి రావడానికి మూలమంతా అక్కడే ఉంది.

మూడో సీసా ఎక్కించుకున్న ఆరు నెలలకు ఎడమవైపు కింది దవడపన్ను ఒకటి నిలువునా చీలింది. దాన్ని తీయించుకున్నాను. పుండు మానడానికి కాస్త ఎక్కువ రోజులు పట్టినా, మానింది. ఆ ఖాళీలో ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో మర బిగించి దాని మీద నిలిపే కృత్రిమ పన్ను, పెట్టించుకుందామని ఒక దంత వైద్యశాలకు వెళితే, వాళ్ళిచ్చిన కాగితంలో షుగరు, బీపీ, గుండెజబ్బు, ఉబ్బసం, మందుల ఎలర్జీ అన్న గడులు ఉన్నాయి. కింద "ప్రస్తుతం వాడుతున్న మందులు" అన్న ఒక గీత ఉంది. ఉదయం వేసుకునే బిళ్ళలు, కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునే బిళ్ళ, థైరాయిడ్ బిళ్ళ అన్నీ వరుసగా రాశాను. సీసా సంగతి రాయలేదు. దాచాలని కాదు, అది నాకు మందులా తోచలేదు. అడ్వాన్సు కట్టి, తేదీ కూడా తీసుకుని వచ్చాను. దానికి ముందు రోజు రాత్రి పాత కాగితాలు సర్దుతున్న మా అమ్మాయి కంట ఆసుపత్రి వాళ్ళిచ్చిన డిశ్చార్జి చీటీ పడకపోయి ఉంటే, మర్నాడు నా దవడ ఎముకకు రంధ్రం వేసేవారు. ఈ మందు తీసుకున్నవారికి అలా చేస్తే, అరుదుగానైనా, పుండు మానక ఆ ఎముక చచ్చుబడవచ్చు.

పొద్దున్నే ఫోను చేసి చెబితే ఆ వైద్యశాల వారి మాట ఒక్కసారిగా తలకిందులయింది. మీ నోట్లో అసలు చెయ్యే పెట్టం, ఆ మందు మానేసి ఐదేళ్ళ తర్వాత రండి అన్నారు. మందు రాసిన వైద్యుని అడిగితే, పళ్ళ సంగతి పళ్ళ డాక్టరునే అడగమన్నారు. ఇద్దరూ మంచివారే, ఇద్దరికీ తమ తమ పని బాగా తెలుసు. కానీ నేను ఒక గట్టు మీది నుంచి ఇంకో గట్టుకు తిరుగుతున్నంతసేపూ మధ్యనున్న కాలువ ఎవరిదీ కాకుండా పోయింది.

అయ్యా, అమ్మా, మా వాడుక భాషలో మందు అంటే బిళ్ళ, గొట్టం, పొడి, సిరప్పు. రోజూ గుర్తుపెట్టుకుని వేసుకునేది మందు. ఆరు నెలలకోసారి పొట్ట మీద చర్మం కింద వేసే డెనోసుమాబ్ ఇంజెక్షనును జనం "బలానికి సూది" అంటారు. ఏడాదికోసారి ఎక్కించేది "సెలైన్". అలెండ్రోనేట్ బిళ్ళ వారానికొకటి పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని అరగంట నడుం వాల్చకుండా ఉండమంటారు గనుక అది కాస్త గుర్తుంటుంది, కానీ అడిగితే "కాల్షియం బిళ్ళలాంటిదే" అంటారు. నెలకొక ఇబాండ్రోనేట్ బిళ్ళ వేసుకునేవారూ ఉన్నారు. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అన్న ప్రశ్నకు వీరిలో చాలామంది నిజాయితీగానే తప్పు జవాబు చెబుతారు. "ఎముకల కోసం ఎప్పుడైనా సూది వేయించుకున్నారా, సీసా ఎక్కించుకున్నారా, వారానికో నెలకో ఒక బిళ్ళ వేసుకున్నారా? ఎప్పుడు మొదలుపెట్టారు, చివరిసారి ఎప్పుడు, ఏ జబ్బు కోసం?" అని అడిగితే మాత్రం తప్పక చెబుతారు. నేను మిమ్మల్ని మొట్టమొదట కోరేది ఈ ఒక్క ప్రశ్న మార్పే.

తర్వాత నన్ను చూసిన నోటి, దవడ శస్త్రవైద్యులు గంటసేపు కూర్చోబెట్టి ఓపికగా చెప్పిన దాన్ని, ఆ పైన నేను చదివి తెలుసుకున్న దాన్ని ఇక్కడ రాస్తున్నాను. మీకు తెలియనిది నేనేదో చెబుతున్నానని కాదు, ఇది మా భాషలో మాకు చెప్పగలిగినదేనని చూపడానికి.

మన ఎముక రాయి కాదు, నిత్యం మరమ్మతులో ఉండే గోడ. పాతబడిన చోట తొలిచే కణాలు కొన్ని, తొలిచిన చోట కొత్తది కట్టే కణాలు కొన్ని ఉంటాయి. వయసు మీద పడ్డాకనో, స్టెరాయిడ్ల వల్లనో తొలిచేది ఎక్కువై కట్టేది తక్కువైతే ఎముక గుల్లబారుతుంది. ఈ మందులు తొలిచే కణాల చేతులు కట్టేస్తాయి. దానివల్ల కలిగే మేలు చిన్నదేమీ కాదు. జోలెడ్రోనిక్ యాసిడ్ మీద 7,700 మందికి పైగా స్త్రీలతో జరిగి 2007లో వెలువడిన పెద్ద పరీక్షలో, మూడేళ్ళలో వెన్నుపూసలు విరగడం 70 శాతం, తుంటి విరగడం 41 శాతం తగ్గింది. తుంటి విరిగి మంచానపడిన మనిషి ఉన్న ఇంటివారికి ఈ అంకెల అర్థం వేరే చెప్పనక్కరలేదు.

అయితే మరమ్మతు తగ్గడమన్నది దవడకు మాత్రం ఒక్కోసారి ఇబ్బంది తెస్తుంది. నమలడంలో దవడ ఎముక నిత్యం ఒత్తిడికి గురవుతుంది, దాని మీద కప్పు పలుచని చిగురే, ఆ చిగురు చుట్టూ ఎప్పుడూ సూక్ష్మజీవులే. పన్ను తీశాక అక్కడి గుంట పూడాలన్నా, ఇంప్లాంట్ మర ఎముకతో కలిసిపోవాలన్నా ఆ తొలిచే కణాల అవసరం ఉంటుంది. అవి పనిచేయని చోట పుండు మానక, ఎముక బయటపడి, చచ్చుబడవచ్చు. ఇప్పుడో, ఇదివరకో ఈ మందులు తీసుకున్న మనిషికి దవడ మీద రేడియేషన్ గాని, దవడకు పాకిన క్యాన్సర్ గాని లేకుండా, ఎముక ఎనిమిది వారాలకు మించి అలా బయటపడి ఉంటే దాన్ని మందుల వల్ల వచ్చిన దవడ ఎముక నిర్జీవత అంటున్నారు. 2003లో అమెరికాలో రాబర్ట్ మార్క్స్ అనే శస్త్రవైద్యుడు ఇలాంటి 36 మంది సంగతిని వైద్య పత్రికకు ఒక లేఖగా రాసినప్పుడు ఇది లోకం దృష్టికి వచ్చింది. మొదట బిస్ఫాస్ఫొనేట్ల (జోలెడ్రోనిక్ యాసిడ్, అలెండ్రోనేట్, ఇబాండ్రోనేట్ ఈ కోవలోవే) పేరే దీనికి పెట్టారు గాని, డెనోసుమాబ్ వంటి వాటితోనూ వస్తున్నదని తేలాక 2014లో అక్కడి దవడ శస్త్రవైద్యుల సంఘం పేరు మార్చి మందులన్నిటికీ వర్తింపజేసింది. 19వ శతాబ్దిలో అగ్గిపెట్టెల కర్మాగారాలలో తెల్ల భాస్వరం పొగ పీల్చిన కూలీలకు దవడలు కుళ్ళిపోయేవని, 1906లో బెర్న్ ఒప్పందంతో ఆ భాస్వరం వాడకాన్ని నిషేధించారని చదివినప్పుడు, దవడ ఎముకకు ఈ శాపం కొత్తది కాదని నాకనిపించింది.

భయపెట్టే ఈ మాటలకు పక్కనే అంకెలు కూడా చెప్పాలి, లేకపోతే జనం మందే మానేస్తారు. ఆ సంఘమే 2022లో ఇచ్చిన వివరాల ప్రకారం, ఎముకలు గుల్లబారినందుకు బిస్ఫాస్ఫొనేట్లు వాడేవారిలో ఇది 10,000 మందికి ఇద్దరి నుంచి ఐదుగురికి, డెనోసుమాబ్ వాడేవారిలో 10,000 మందికి నలుగురి నుంచి 30 మందికి రావచ్చు. బిస్ఫాస్ఫొనేట్ల మీద ఉన్న ఈ తరహా రోగులు పన్ను తీయించుకున్నా 10,000 మందికి 15 మందిని దాటదు. నేను పైన చెప్పిన 2007 పరీక్షలో మందు తీసుకున్న వర్గంలో ఒకరికి, ఉత్తుత్తి సీసా ఎక్కించుకున్న వర్గంలో ఒకరికి ఇలా జరిగింది. క్యాన్సర్ ఎముకలకు పాకినవారి లెక్క పూర్తిగా వేరు. వారికి ఇదే జోలెడ్రోనిక్ యాసిడ్ నెలకు 4 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కిస్తారు, నాకు ఏడాది మొత్తానికి 5 మిల్లీగ్రాములే. అంటే దాదాపు పదింతల తేడా. డెనోసుమాబ్ నాలాంటివారికి ఆరు నెలలకోసారి 60 మిల్లీగ్రాములైతే వారికి నాలుగు వారాలకోసారి 120. అలాంటివారిలో పన్ను తీశాక దవడ ఎముక చచ్చుబడటం నూటికి ఒకరిద్దరి నుంచి 15 మంది దాకా ఉండవచ్చని వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి. మందు పేరొకటే, మనుషుల ప్రమాదం ఒకటి కాదు. కనుక పేరు వినగానే నోరు చూడనని పంపేయడమూ, పేరే అడగకుండా రంధ్రం వేయడమూ రెండూ తప్పేనని సవినయంగా మనవి చేస్తున్నాను.

పోయిన పన్ను స్థానంలో ఏం పెట్టాలన్నది ఇక్కడి నుంచి మొదలయ్యే ఆలోచన. ఎముకలు గుల్లబారినందుకు మాత్రమే ఈ మందు వాడుతున్నవారికి ఇంప్లాంట్ నిషిద్ధమేమీ కాదని, అయితే స్టెరాయిడ్లు, షుగరు అదుపులో లేకపోవడం, పొగ తాగడం, చిగుళ్ళ జబ్బు ఇవి తోడైతే ప్రమాదం పెరుగుతుందని ఆ శస్త్రవైద్యులు నాకు చెప్పారు. క్యాన్సర్ మోతాదులో మందు తీసుకుంటున్నవారికి ఇంప్లాంట్ జోలికి వెళ్ళకపోవడమే మేలన్నారు. ఇంకొక మాట కూడా చెప్పారు, అది నాకు ఎవరూ చెప్పనిది: ప్రమాదం ఇంప్లాంట్ పెట్టిన రోజుతో తీరిపోదు, ఏళ్ళ తర్వాత దాని చుట్టూ చిగురు చెడినా ఎముక చచ్చుబడవచ్చు, ఎప్పుడో పెట్టించుకున్న ఇంప్లాంట్ ఉండగా ఆ తర్వాత మందు మొదలుపెట్టినవారికీ ఇలా జరగవచ్చు. కాబట్టి ఇంప్లాంట్ పెట్టి "ఇక మీకు జీవితాంతం దిగుల్లేదు" అని పంపేయడం సరైన మాట కాదు.

నా విషయంలో ఖాళీకి వెనకున్న పన్నుకు ఇదివరకే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసి ఉంది, ముందున్న పన్నులో పాత సిమెంటు పెద్దదే ఉంది. ఆ రెంటినీ ఆసరా చేసుకుని, వాటికి తొడిగి మధ్య ఖాళీని నింపే కదలని కట్టుడు పన్ను, అంటే బ్రిడ్జి వేస్తే కొత్తగా పోయేదేమీ లేదు, దవడ ఎముకను తాకే పని అసలే లేదు. దానికే ఒప్పుకున్నాను. ఆ రెండు పళ్ళూ చెక్కుచెదరకుండా ఉండి ఉంటే, మంచి పళ్ళను అరగదీయించుకోవడం ఇష్టంలేక, ఇంప్లాంట్ ప్రమాదాన్నే తలకెత్తుకునేదాన్నేమో. తీసి పెట్టుకునే కట్టుడు పన్ను చవకైనదే, ఎముక మీద శస్త్రచికిత్స అక్కరలేనిదే. కానీ అది సరిగ్గా కుదరక చిగురును ఒరుసుకుంటే ఆ పుండు నుంచే ఎముక బయటపడవచ్చు, ముఖ్యంగా కింది దవడ లోపలివైపు, నాలుక పక్కన, చిగురు మరీ పలుచగా ఉన్న చోట. అందుకని కట్టుడు పళ్ళు ఇచ్చినవారు ఒరుపుడు ఉందేమో మళ్ళీ మళ్ళీ పిలిచి చూడాలి, రాత్రిపూట తీసి పడుకోమని గట్టిగా చెప్పాలి. మరీ వెనకనున్న దవడపన్ను పోయి, మిగతావాటితో నమలడం బాగానే సాగుతున్నప్పుడు ఏమీ పెట్టకుండా వదిలేయడం కూడా ఒక నిర్ణయమే. ఈ నాలుగో దారిని నా ముందు పెట్టినది ఆ గంటసేపు మాట్లాడిన వైద్యులొక్కరే. దానికి బిల్లు ఉండదు గనుక మిగిలినవారికి గుర్తురాదేమో అని ఒక చెడ్డ ఆలోచన వచ్చింది. దాన్నిక్కడే వదిలేస్తాను.

ఇక మందు ఆపే సంగతి. "ఐదేళ్ళు మానేసి రండి" అని నాతో అన్నవారికి తెలియనిదేమిటంటే, బిస్ఫాస్ఫొనేట్లు ఎముక ఖనిజాన్ని అంటిపెట్టుకుని ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. కొద్ది నెలలు ఆపితే ఒరిగేది ఏమిటన్నది వైద్యులలోనే తేలని విషయం, రక్తపరీక్ష ఒకటి చేయించి దాని అంకెను బట్టి పన్ను పీకవచ్చో లేదో చెప్పడమూ నమ్మదగిన పద్ధతి కాదంటున్నారు. డెనోసుమాబ్ దీనికి పూర్తిగా విరుద్ధం. అది ఎముకలో నిలవదు, ఆరు నెలలు దాటితే దాని పట్టు సడలుతుంది, సడలినప్పుడు అంతకాలం కట్టేసి ఉంచిన కణాలు ఒక్కసారిగా విజృంభించి ఎముకను తొలుస్తాయి. మా ఆడపడుచుగారికి సరిగ్గా ఇదే జరిగింది. పళ్ళ పని పూర్తయ్యేదాకా ఆ సూది ఆపమని దంతవైద్యులన్నారు, రాసిన వైద్యులకు ఆ కబురే వెళ్ళలేదు, పళ్ళ పని ఒకదాని తర్వాత ఒకటి సాగి చివరి సూదికి పదకొండు నెలలు నిండాయి. నీళ్ళ బకెట్ ఎత్తబోతే వెన్ను పట్టేసింది, ఎక్స్‌రేలో మూడు వెన్నుపూసలు కుంగి కనిపించాయి. సూది ఆగడం వల్లనే ఇలా అయిందని తర్వాత చూసిన వైద్యులు చెప్పారు. పన్ను తీయవలసి వస్తే చివరి సూది వేసిన మూడు నాలుగు నెలలకు తీసి, పుండు మానాక తరువాతి సూదిని వేళ దాటనివ్వకుండా వేయించుకునే వీలున్నప్పుడు, ఆవిడ దవడను కాపాడబోయి నడుము విరగ్గొట్టినట్లయింది. ఇద్దరు వైద్యులు ఐదు నిమిషాలు ఫోనులో మాట్లాడుకుని ఉంటే సరిపోయేది.

క్యాన్సర్ వైద్యులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. ఈ మందు మొదలుపెట్టబోయే రోగికి మీరు చెప్పవలసినవి వంద ఉంటాయని తెలుసు. అయినా మొదటి సీసాకు ముందే ఒకసారి పళ్ళు చూపించుకుని రమ్మని చీటీ మీద రాయండి. నిలవని పళ్ళేవైనా ఉంటే అప్పుడే తీయించి, చిగురు పూడుకునే రెండు మూడు వారాలు ఆగి మొదలుపెట్టగలిగితే, తర్వాత వచ్చే చిక్కులలో చాలా భాగం తప్పుతుంది. అలా ఆగడం కుదరనంత తొందర ఉన్నప్పుడు మొదలుపెట్టవద్దని నేననను, అది మీ నిర్ణయం. మందు మీద ఉండగా పన్ను పాడైతే, పీకడానికి బదులు రూట్ కెనాల్ చేసి పైభాగం తీసేసి వేరును అలాగే ఉంచే పద్ధతి ఉందని కూడా మాకెవరూ చెప్పరు.

సమ్మతి పత్రం గురించి ఒక్క మాట. రోగికి చికిత్స సంగతి, దాని ప్రమాదాలు, దానికి బదులుగా ఉన్న ఇతర మార్గాలు తగినంతగా తెలియజెప్పాకే తీసుకున్నది నిజమైన సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. నా చేత సంతకం పెట్టించుకున్న కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది, అందులో ఎముక మందుల ప్రస్తావన లేదు. నేను ఇంగ్లీషు చదవగలను గనుక ఆ లోపం కనిపెట్టగలిగాను. నా వెనక కుర్చీలో కూర్చున్న ఆవిడ వేలిముద్ర వేశారు.

చివరగా నా అసలు కోరిక. 2015లో ఐరోపా ఔషధ సంస్థ ఈ మందులను సీసాగానో సూదిగానో తీసుకునేవారికి దవడ ఎముక ప్రమాదాన్ని గుర్తుచేసే ఒక చిన్న కార్డు ఇవ్వాలని నిర్ణయించింది. అలాంటిది తెలుగులో తయారుచేసి, సీసా ఎక్కించిన ప్రతిచోటా, సూది వేసిన ప్రతిచోటా చేతిలో పెట్టమని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను, మీ వృత్తి సంఘాలను కోరుతున్నాను. పిల్లల టీకాలకు కార్డు దాచుకునే అలవాటు మన తల్లులకు ఏనాడో అయింది, దీనికీ అవుతుంది. ఎవరికైనా దవడ ఎముక బయటపడితే, మందుల దుష్ఫలితాల నమోదు కోసం కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న 1800-180-3024 నంబరుకు రోగులే నేరుగా తెలియజేయవచ్చునన్న సంగతి కూడా ఆ కార్డు వెనక వేయాలి.

అది వచ్చేలోగా నాది నేనే ఒక అట్టముక్క మీద రాసుకుని, ఆధార్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాను. దాని మీద ఉన్నది ఇది: "నేను ఎముకలు గుల్లబారినందుకు ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఎక్కించుకుంటున్నాను. ఇప్పటికి మూడుసార్లు అయింది. స్టెరాయిడ్ కూడా వాడుతున్నాను. నా పన్ను తీసే ముందు, దవడ ఎముకను తాకే పని ఏది చేసే ముందైనా, దయచేసి ఈ మందు రాసిన వైద్యునితో మాట్లాడండి. మీ ఇద్దరూ మాట్లాడుకోకుండా నన్ను మందు మానమని చెప్పకండి." కింద మొదటి సీసా తేదీ, చివరి సీసా తేదీ, వైద్యుని ఫోను నంబరు రాశాను. తరువాతి సీసా తేదీ గడి మాత్రం ఖాళీగా ఉంచాను. మూడేళ్ళు పూర్తయ్యాయి గనుక కొనసాగించాలో కొంత విరామం ఇవ్వాలో చూసి, మా వైద్యులే తమ చేత్తో ఆ గడి నింపాలని, ఈసారి వెళ్ళినప్పుడు కలంతో సహా వారి ముందు పెడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తెనాలి.